నోట్లో క్యారెట్టు

గణపతిరావు పొయ్యి మీద వండిన తిండి మానేసి నలభై రోజులైంది. ఆ సంగతి ఖరగ్‌పూర్‌లో రైల్వేవాళ్లుండే ట్రాఫిక్ కాలనీ అంతటికీ తెలుసు. ఆయన భార్య చిలకమ్మ కుళాయి దగ్గర రోజూ చెప్పుకుంటూనే ఉంది మరి.

"మనిసి మేకైపోనాడమ్మా. ఇంక గడ్డొక్కటే తరవాయి."

సరదాకి పట్టిన నియమం కాదది. గణపతిరావు గూడ్సు బండి డ్రైవరు. యాభై రెండేళ్లవాడు. ఫిబ్రవరిలో రైల్వే డాక్టరు పరీక్ష ఉంది. షుగరు, బీపీ, కంటిచూపు అన్నీ చూస్తారు. తేడా వస్తే ఇంజను దింపేసి ఏదో ఒక ఆఫీసులో కూర్చోబెడతారు. ఆయన బొగ్గింజన్ల కాలంలో పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేరి, బొగ్గు పార మీద వంకాయలు కాల్చుకుని తిన్న మనిషి. కుర్చీ ఉద్యోగం పేరు చెబితేనే ఆయనకి ఒంట్లో వణుకు.

పచ్చితిండి ఉపాయం చెప్పింది ఆయనకి తెలిసిన భీమశంకరం. ఊరి పక్కనే హిజ్లీలో ఇంజనీరింగు కాలేజీ లైబ్రరీలో పని చేస్తాడు. "నిప్పు తగిలితే తిండిలో జీవం పోతుందండీ. అన్నీ పచ్చిగా తినండి, షుగరు దిగొస్తుంది. క్యారెట్లు తింటే చూపు కూడా మెరుగవుతుంది," అన్నాడు. గణపతిరావు చెవిలో పడింది ఆ చివరి మాటే. దసరా నుంచి దూరపు సిగ్నళ్లు ఆయనకి అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. ఎవరికీ చెప్పలేదు.

పొద్దున మొలకెత్తిన పెసలు, మధ్యాహ్నం కీరదోసకాయ, కొబ్బరి, సాయంత్రం గోల్‌బజార్ నుంచి తెచ్చిన క్యారెట్లు. మొదటి రెండు వారాలు నరకమే చూశాడు. కడుపు ఉబ్బిపోయేది. ఇంజన్లో పాయిఖానా ఉండదు కదా, బండి ఎక్కడైనా ఆగడమే ఆలస్యం, చెంబు పట్టుకుని పరుగు. పైగా డిసెంబరు చలి. చిలకమ్మ తన కోసం చేపలు వేయించుకుంటే ఆ వాసనకి వీధిలోకి వెళ్లి కూర్చునేవాడు.

తర్వాత సర్దుకుంది. బెల్టు రెండు రంధ్రాలు లోపలికి వచ్చింది. ఇంజను ఎక్కుతుంటే మోకాళ్లు నొప్పి పెట్టడం మానేశాయి.

"మరి కళ్లో, మావా?" అని అడిగింది చిలకమ్మ.

"కళ్లకేటే? గ్రీను, ఎల్లో అన్నీ సెప్తన్నాను గదా," అన్నాడు. చూపు బాగుపడిందని నిజంగానే నమ్మాడు.

ఇంజన్లో ఒక పద్ధతి ఉంది. సిగ్నలు ముందు కనపడినవాళ్లు రంగు పేరు గట్టిగా అరవాలి, రెండోవాళ్లు చూసుకుని మళ్లీ అరవాలి. గణపతిరావు అసిస్టెంటు సొలొమోను, ముప్ఫయ్యేళ్లవాడు. వాడు "గ్రీన్!" అంటే ఈయన "గ్రీన్!" అనేవాడు. బండి సాఫీగా పోయేది.

జనవరి చివర్లో ఒక మధ్యాహ్నం టాటానగర్ నుంచి తిరిగి వస్తున్నారు. ఖరగ్‌పూర్ దగ్గర పడింది. గణపతిరావు సంచీలోంచి లావుపాటి క్యారెట్టొకటి తీసి, "తిను, బలం," అని సొలొమోనుకి ఇచ్చాడు. వాడు సగం కొరికి నోట్లో కుక్కుకున్నాడు. పచ్చి క్యారెట్టు, ఎంత నమిలినా అయ్యేది కాదు.

అంతలో మలుపు తిరిగింది. సిగ్నలు రావలసిన చోటు. గణపతిరావు ఎదురు చూశాడు. ఏ మాటా రాలేదు. ఎదురుగా ఏదో వెలుగు మసకగా ఉంది, రంగు మాత్రం తెలియలేదు. అప్పుడర్థమైంది ఆయనకి, తను ఎదురు చూస్తున్నది సిగ్నలు కోసం కాదు, సొలొమోను గొంతు కోసమని. వెంటనే బ్రేకు వేశాడు.

సొలొమోను ఎలాగో మింగి, "ఎల్లో!" అన్నాడు. ఈసారి గణపతిరావు తిరిగి అరవలేదు. బండి ఆగవలసిన చోటే, ఆ తర్వాతి ఎర్ర సిగ్నలు దగ్గర ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

పరీక్ష రోజు డాక్టరు మొదట గణపతిరావు అరచేతులు చూసి ఉలిక్కిపడ్డాడు. పసుపు రాసుకున్నట్టున్నాయి. కనురెప్ప ఎత్తి చూసి, కామెర్లు కాదని తేల్చి, ఏం తింటున్నావని అడిగి, విన్నాక అది క్యారెట్ల రంగేనని నవ్వాడు. "షుగరు, బీపీ రెండూ దిగాయి. మంచిదే. కానీ రక్తం తగ్గింది. అన్నం, పప్పు కూడా తినాలి," అన్నాడు. తర్వాత గోడ మీద అక్షరాలు చదవమన్నాడు.

ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చదివాడో, ఆ పటం గణపతిరావుకి కంఠతా వచ్చు. కళ్లు మూసుకుని కూడా చివరి వరస దాకా చెప్పగలడు. నోరు తెరిచాడు.

"నాకు కనపడ్డం నేదు సార్," అన్నాడు.

పాత షుగరు కంటి లోపల పొరని పాడుచేసిందని, తిండితో గాని అద్దాలతో గాని చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. ఇంజను దిగమని రాశాడు.

సాయంత్రం సొలొమోను ఇంటికి వచ్చాడు. చిలకమ్మ పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. వాడు తలెత్తకుండా అన్నాడు.

"నీకు సిగ్నళ్లు ఆనడం నేదని దసరా కాణ్ణించీ నాకు తెల్సు ఉస్తాద్. అందికే ముందుగా అరిసీవోణ్ణి."

"నాతో సెప్పొచ్చు గదరా."

"సెప్తే దిగిపోతావు. నీతో డూటీ నాకిష్టం."

"మరి ఆయాళెందుకు అరవనేదు?"

"నోట్నిండా నువ్విచ్చిన క్యారెట్టే గదా."

చిలకమ్మ ఫక్కున నవ్వింది. గణపతిరావూ నవ్వాడు. నవ్వుతుండగానే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. కాసేపటికి మొహం తుడుచుకుని కంచం ముందుకు లాక్కున్నాడు. చిలకమ్మ వేడన్నం పెట్టి, పక్కన రెండు క్యారెట్టు ముక్కలు కూడా వేసింది.

"రేపొచ్చే డ్రైవరికి ఇలాటి సాయం సెయ్యకురా," అన్నాడు గణపతిరావు. "ఆణ్ణే ముందు అరవనీ. అరవకపోతే బ్రేకెయ్యమను."