తడి వైపు

“ఆ గంప ఎత్తకే తల్లీ. పొట్టలో ఉన్నదంతా కిందికి జారిపోతుంది. నా మాట విను.”

కూతురు ఇంకా గంప మీద చెయ్యి కూడా వెయ్యలేదు. తల్లి మాత్రం నీళ్ళు కారుతున్న చేతులతో తొట్టి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. కాన్పయ్యాక కూతురు పనిలోకి వచ్చిన మొదటి వారం అది. చంటిదాన్ని పక్కింటావిడకు అప్పగించి వచ్చింది.

ఆసుపత్రులవీ లాడ్జీలవీ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ అది. మధ్యలో ఒక మురుగు కాలువ. ఇవతల నానబెట్టడం, జాడించడం, పిండడం: అది తడి వైపు. అవతల ఇస్త్రీ, మడత: అది పొడి వైపు. పొడి వైపు కూలి ఎక్కువ, కాళ్ళు నీళ్ళలో నానిపోవు. తల్లి ఒకప్పుడు అక్కడ పేరున్న ఇస్త్రీ మనిషి. కూతురు పుట్టాక తనంతట తానే అడిగి తడి వైపుకు వచ్చేసింది. వేడి పడటం లేదని చెప్పింది. బుర్ర లేని మనిషని అందరూ నవ్వారు.

కూతురిది పొడి వైపు పని. పిండిన దుప్పట్లు తీసుకెళ్ళడానికి ఇటొచ్చి గంప ఎత్తింది. ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. మోకాళ్ళు దగ్గరికి చేర్చి, గంపను మెల్లగా కిందకు దించింది. ఆమె లేత రంగు బట్టల మీద తడి మరక పాకింది.

అలా నిలబడటం ఏమిటో తల్లికి తెలుసు. ఆలోచించకుండానే చెంబుతో నీళ్ళు ముంచి కూతురి మీద పోసేసింది.

“చెయ్యి జారింది” అంది పైకి.

“ఇంట్లో చంటిదానికి చాలక ఇక్కడ పెద్దదానికి కూడా స్నానం పోస్తున్నావా వదినా?” అంది మడతల బల్ల దగ్గర ‘రేడియో’ అని పిలిపించుకునే ఆవిడ. అందరూ నవ్వారు. తల్లి కూడా నవ్వి, కూతుర్ని దుప్పట్ల గుట్ట వెనక్కి లాక్కుపోయింది.

“నువ్వూ తడి వైపు వచ్చెయ్యవే. మేస్త్రీగారికి నేను చెప్తా. ఇక్కడ అందరం తడిసే ఉంటాం. ఎవరికీ తెలీదు.”

కూతురు తల్లి బట్టల వంక చూసింది. తర్వాత ముఖంలోకి చూసింది.

“అందుకేనా నువ్వు ఇటొచ్చింది?”

తల్లి చేతిలోని దుప్పటి కొన పిండింది. అందులో నీళ్ళు లేవు.

“నేను రానమ్మా. ఇది తగ్గుతుందని నర్సమ్మ చెప్పింది. కాన్పుకి కింద కండరాలు సాగిపోతాయంట. వాటిని బిగించి పైకి లాగాలి, మెల్లగా వదలాలి. ఊపిరి బిగపట్టకూడదు. కొన్ని నెలలు రోజూ చెయ్యాలి.”

“కుట్లు ఊడిపోతాయే.”

“ఊడవు. అడిగాను.”

“గర్భసంచి తిరగబడితే?”

“అమ్మా.”

“అయినా ఆపుకోవడమేగా అది? పొద్దున వచ్చిన దగ్గర్నుంచీ ఇంటికెళ్ళేదాకా ఆపుకుంటూనే ఉన్నా. నాకంటే ఎక్కువ వ్యాయామం ఎవరు చేశారు? మరి నాకెందుకు తగ్గలేదు?”

కూతురికి నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్ళు నిండాయి.

“అది ఆపుకోవడం. ఇది వేరు. ముందు వెళ్ళి రావాలి, ఖాళీ అయ్యాక చెయ్యాలి. బిగించడం ఎంత ముఖ్యమో వదలడమూ అంతే ముఖ్యమంట. మనకి ఎవరూ వదలడం నేర్పలేదు.”

ముందు వెళ్ళి రావాలి. చిక్కంతా అక్కడే. పాయిఖానా తాళంచెవి మేస్త్రీ మొలకు వేలాడుతుంది. అందరి ముందూ నోరు తెరిచి అడగాలి. నీళ్ళు తాగడం తగ్గించమనేది ఆయన దగ్గర ఎప్పుడూ ఉండే జవాబు.

“వద్దే, అడక్కు. ఉన్న పని ఊడుతుంది. నీ మొగుడి చెవిన పడుతుంది. అత్తారు ఏమనుకుంటారో.”

తల్లి మాట పూర్తయ్యేలోపే కూతురు కాలువ దాటి మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది.

“తాళంచెవి కావాలి మేస్త్రీగారూ.”

“పొద్దున ఇచ్చాగా. చంటిపిల్ల ఇంట్లో ఉందా, ఇక్కడుందా?”

ఈసారి రేడియో నవ్వలేదు.

“కాన్పయ్యాక నాకు ఆగడం లేదు. తగ్గేదాకా అవసరమైనప్పుడల్లా వెళ్ళొస్తాను. ఆపుకొని చేసే పని ఇక నా వల్ల కాదు.”

గొంతు తగ్గించి చెప్తుందనుకున్నాడేమో, మేస్త్రీ ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత గది మొత్తానికీ వినిపించేలా అన్నాడు: “ఇంతమంది ఆడవాళ్ళున్నారు, ఎవరూ పిల్లల్ని కనలేదా? ఒక్కరికైనా ఉందా ఈ జబ్బు? ఉంటే చెప్పమను, చూద్దాం.”

ఇస్త్రీ పెట్టెలు ఆగాయి. రేడియో మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మడతపెట్టసాగింది. ఇంకొకామె తన గాజులు లెక్కపెట్టుకుంటున్నట్టు తల దించుకుంది. యంత్రం ఒక్కటే గుడగుడమంటూ తిరుగుతోంది.

తల్లి తొట్టి దగ్గరే నిలబడి ఉంది. వంగి చేతులు నీళ్ళలో పెడితే చాలు, ఆమెను ఎవరూ ఏమీ అడగరు. కూతురు వెనక్కి తిరిగి చూస్తే బాగుండును, వద్దని సైగ చేసేది. కూతురు తిరగలేదు. ఇస్త్రీ వేడికి ఆ పిల్ల వీపు మీద తను పోసిన నీళ్ళు అప్పుడే ఆరిపోతున్నాయి. ఇంకాసేపట్లో ఆ మరక ఒక్కటే మిగులుతుంది, పొడి వైపు అందరికీ కనబడేలా.

తల్లికి తెలియకుండానే లోపల ఏదో బిగుసుకుంది. ఎప్పట్లాగే ఆపుకోబోయింది. ఎందుకో, మెల్లగా వదిలేసింది.

చెంబు తొట్టిలో పడేసి కాలువ దాటింది. ఆమె అడుగు పడిన చోటల్లా పొడి నేల మీద నీళ్ళు నిలిచాయి.

“నాకుంది. దీన్ని కన్నప్పట్నుంచీ ఉంది. ఇన్నేళ్ళూ నా బట్టలు తడిసింది ఈ నీళ్ళకి కాదు మేస్త్రీగారూ. తాళంచెవి ఇవ్వండి. ఇద్దరం వెళ్ళొస్తాం.”