భుజం మీద చెయ్యి

మా క్లబ్బులో నెలకోసారి ఆదివారం పొద్దున పిస్తోలు పోటీలు జరుగుతాయి. ఒకచోట నిలబడి తాపీగా కాల్చే పోటీలు కావవి. గంట కీచుమనగానే ఒరలోంచి పిస్తోలు తీసి, చెక్క గోడల చాటునుంచి, పీపాల పక్కనుంచి పరిగెడుతూ అట్ట బొమ్మల్నీ ఇనప పళ్ళేల్నీ కొట్టుకుంటూ పోవాలి. గురికి ఎంత విలువో వేగానికీ అంతే. గంట మోగించే యంత్రం చేతబట్టుకుని, కాల్చేవాళ్ళ వెనకే నడిచే పని నాది. ఏదైనా తేడా వస్తే "ఆగు!" అని అరవాల్సిందీ నేనే.

ఆ ఏప్రిల్లో, మా పెన్సిల్వేనియా కొండల్లో మంచు కరిగిన బురద ఇంకా ఆరకముందే, మార్లిస్ కూబియాక్ మొదటిసారి పోటీకి వచ్చింది. నలభై దాటిన మనిషి. సోఫాలకు గుడ్డలు కుట్టే పని చేస్తుంది. పేర్లిచ్చే బల్ల దగ్గర ఆమె భర్త రస్ మాట్లాడాడు.

"మా ఆవిడకి చెవులు వినపడవండి. పుట్టినప్పట్నించీ అంతే. కాల్చడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు."

బల్ల వెనక కూర్చున్న డెల్బర్ట్ కాఫీ కప్పు కింద పెట్టాడు. పోటీల పెద్ద ఆయనే. డెబ్భై ఏళ్ళొచ్చినా గొంతులో పదును తగ్గలేదు.

"వినపడదా? మరి గంట?"

"ఈ సారు భుజం తడితే చాలంటోందండి," అన్నాడు రస్ నన్ను చూపిస్తూ.

"మొదలెట్టడానికి తట్టొచ్చయ్యా. ఆపడానికో? ఆవిడ పరిగెడుతుంటే మా వెర్లిన్ ఆ పొట్టేసుకుని వెనకాల పడి తట్టేదెప్పుడు?"

అందరూ నా పొట్ట కేసి చూసి నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. ఇన్నేళ్ళూ నా గొంతునే నమ్ముకుని ఈ పని చేశాను. గొంతు పనికిరాని చోట ఏం చెయ్యాలో ఎప్పుడూ ఆలోచించలేదు. ఒకడు ఎర్ర జెండా ఊపమన్నాడు, ఇంకొకడు దీపం పెట్టమన్నాడు. బొమ్మల మీదే కళ్ళున్న మనిషి వాటినెలా చూస్తుంది?

మార్లిస్ మా మొహాలన్నీ ఒక్కొక్కటే చూసింది. తర్వాత చేతులతో రస్‌కి ఏదో చెప్పింది.

"ఊరికే ఒకసారి నడిచి చూద్దామంటోంది. పిస్తోలు లేకుండా."

ఒర ఖాళీ చేసి, వేలినే పిస్తోలుగా చాపి నిలబడింది. డెల్బర్ట్ టోపీ ఎత్తినప్పుడు నేను ఆమె భుజం పట్టుకుని ఆపాలి. నేను తట్టగానే లేడిలా దూకింది. టోపీ లేచేసరికి ఆమె రెండో గోడ దాటేసింది, నేను మొదటి గోడ దగ్గరే రొప్పుతున్నాను.

"చూశావా! నువ్వు చేరేలోగా ఆవిడ ఇంటికెళ్ళి భోంచేసి వస్తుంది!" అన్నాడు డెల్బర్ట్.

మార్లిస్ వెనక్కి వచ్చి నా ఎడమ చెయ్యి తీసుకుని తన ఎడమ భుజం మీద పెట్టుకుంది. రస్ వైపు తిరిగి వేళ్ళు చకచకా కదిపింది.

"చెయ్యి వేస్తే ఆగడం కాదట," అన్నాడు రస్, తనకీ అప్పుడే అర్థమవుతున్నట్టు. "చెయ్యి తీస్తే ఆగడమట. మొదట్నించీ చెయ్యి ఇక్కడే ఉంచండి. గట్టిగా నొక్కితే బయల్దేరుతుంది. మీరు తీసినా, వెనకబడ్డా, చెయ్యి లేదని తెలిసిన క్షణం ఆగిపోతుంది."

డెల్బర్ట్ గడ్డం గోక్కున్నాడు. "మళ్ళీ చెప్పు."

రస్ మళ్ళీ చెప్పాడు. ఖాళీ చేతులతో మళ్ళీ నడిచాం. నేను ఎక్కడ చెయ్యి ఎత్తినా ఆమె అక్కడే రాయిలా ఆగింది.

"సరే. ముందు ఒక్క వరస కాల్చనిచ్చి చూస్తాను," అన్నాడు డెల్బర్ట్. "కాల్పుల మోత తగలకుండా చెవులకి మూతలు పెట్టుకోమను. రూలు రూలే."

రస్ అది చెప్పగానే ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే మూతలు పెట్టుకుంది.

ఆమె వంతు వచ్చింది. పిస్తోలు నింపుకుని ఒరలో పెట్టింది. భుజం నొక్కాను. నా అరచేతి కింద ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుని కదిలింది. ఎన్నో వందలమంది వెనక నడిచినవాణ్ణి, కాల్పు ఇలా ఉంటుందని నాకు తెలీదు. ప్రతి దెబ్బా ఆమె ఎముకలోంచి నా మోచేతికి పాకేది. రెండో గోడ, పీపాలు దాటాం. మూడో గోడ మలుపులో బురద మీద నా కాలు జారింది. వెల్లకిలా పడ్డాను.

తల ఎత్తి చూస్తే ఆమె ఆగిపోయి ఉంది. పిస్తోలు ఎదుటి మట్టి గట్టు వైపే ఉంది, వేలు ట్రిగ్గర్ మీద లేదు. వెనక ఏమైందో ఆమెకి వినపడదు. చేతిలో నిండు పిస్తోలుతో వెనక్కి తిరక్కూడదు. అందుకని తిరగలేదు. నేను లేవడానికి కాస్త టైము పట్టింది. అంతసేపూ అలాగే, ఎవరో వస్తారన్న నమ్మకంతో నిలబడింది. దగ్గరికెళ్ళి చెయ్యి మళ్ళీ భుజం మీద వేశాక గట్టిగా ఊపిరి వదిలింది. రస్ ఆమె పక్కకొచ్చి సైగ చేస్తే గుళ్ళు తీసి చూపించి, పిస్తోలు ఒరలో పెట్టింది.

డెల్బర్ట్ నా వీపు మీది బురద కేసి చూశాడు. "తప్పు నీదే వెర్లిన్. ఆవిడకి ఇంకో అవకాశం ఇస్తున్నా." తర్వాత కాస్త నెమ్మదిగా అన్నాడు, "నువ్వు అరిస్తే మన కుర్రాళ్ళెవరూ ఇంత తొందరగా ఆగరు."

రెండోసారి నేను పడలేదు. ఆమె ఒక పళ్ళెం వదిలేసింది, మిగతావన్నీ కొట్టింది. పోటీ ముగిసేసరికి సగంమందికి కింద, తనూ కాల్చిన డెల్బర్ట్‌కి ఒక మెట్టు పైన తేలింది. అది చూసి ఆయన రెండుసార్లు లెక్క వేయించాడు.

సాసేజీ రొట్టెలు తింటున్నప్పుడు ఇక ఉండబట్టలేక అడిగాను. "ఒంటరిగా నిలబడ్డప్పుడు ఏమనిపించింది?"

రస్ ఆమె వేళ్ళ వైపు చూసి నవ్వాపుకున్నాడు. "భయమేం వెయ్యలేదట. కాళ్ళకింద నేల అదిరిందట. పడ్డది మీరేనని తెలిసిపోయిందట."

డెల్బర్ట్ రొట్టె పక్కన పెట్టి, ఆవాల ముద్ద అంటిన చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఆగు అనడానికి మీ భాషలో ఏం చేస్తారమ్మా?" అన్నాడు ఆమెనే చూస్తూ.

మార్లిస్ ఒక అరచెయ్యి చాపి, రెండో చేతి అంచుని దాని మీద నిలువుగా దింపింది. ఆయన చేశాడు, తప్పుగా వచ్చింది. ఆమె ఆయన మణికట్టు పట్టుకుని సరిచేసింది.