పక్కనున్న మనిషి కోసం

తొట్టిలోంచి ఎగజిమ్మిన నీలిరంగు పొడుగక్క కుడిచేతిని మోచేతి దాకా ఉడికించింది. పట్టపగలు, మిల్లులో రెండొందల మంది చూస్తుండగా జరిగింది. ఆవిరి వాల్వు ఒక్కసారిగా వదిలేసింది, మరిగే రంగు మీదికి లేచింది. ఆమె కేక పెట్టలేదు. చేతిని గాలిలో ఎత్తి పట్టుకుని, అది తనది కానట్టు చూస్తూ నిలబడిపోయింది.

కాంట్రాక్టరు వచ్చాడు. ముందు తొట్టిలోకి తొంగి చూశాడు. తర్వాత మనిషిని చూశాడు.

“గుడ్డకేం కాలేదుగా. దీన్ని గేటు బయటికి పంపండి. చెయ్యి బాగయ్యాక రమ్మనండి.”

“బాగవకపోతేనో?” ఎవరో గొణిగారు.

“బాగవకపోతే రానక్కర్లేదు.”

రెండొందల తలలు కిందికి దిగాయి. అందులో బాయిలరాయన తల ఒకటి.

ముప్పై ఏళ్ళుగా ఆ రంగుల మిల్లులో బాయిలరు కాసేది ఆయనే. ఆ వాల్వులో వాషరు అరిగిపోయిందని అందరికంటే ముందు తెలిసింది ఆయనకే. కాంట్రాక్టరుతో ఒకసారి చెప్పాడు. “చూద్దాంలే” అన్నాడు కాంట్రాక్టరు. ఇంకోసారి చెప్పలేదు. చెప్పి ఉంటే ఏమయ్యేదో తెలియదు గానీ, చెప్పలేదన్న సంగతి మాత్రం ఆ రోజు నుంచి ఆయన గొంతులో ముల్లులా దిగబడింది.

ఆయన మొదటినుంచీ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కొడుకుని పట్టుకుపోయాక ఆ కాస్త మాటా పోయింది. కొడుకు అచ్చాఫీసులో పనిచేసేవాడు. నాలుగు నెలల కిందట నలుగురు మనుషులు గదికి వచ్చి, “రెండు మాటలడిగి పంపించేస్తాం పెద్దాయనా” అని తీసుకుపోయారు. ఆ రెండు మాటలూ ఇంకా పూర్తి కాలేదు.

అప్పటికే రోజులు చెడిపోయి ఉన్నాయి. నలుగురికి మించి ఒకచోట చేరకూడదని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. కార్మిక సంఘం ఆఫీసు తలుపుకి సీలు పడింది. పనిలో ఎంతమందైనా ఉండొచ్చు, పని దిగాక మాత్రం ఎవరి దారి వాళ్ళది. పోలీసులు మెట్లెక్కిన గది కనుక బాయిలరాయన గది ముందు నుంచి పోయేవాళ్ళు అడుగు వేగం పెంచేవారు. వీధి కుళాయి దగ్గర ఆయన బిందె పెడితే ముందున్న బిందె కాస్త ముందుకి, వెనకున్నది కాస్త వెనక్కి జరిగేది. క్షౌరం చేసేవాడు కూడా గడ్డం గీసినంతసేపూ నోరు విప్పేవాడు కాదు, లోకంలోని వదంతులన్నీ వాడి దగ్గరే పుట్టేవి పూర్వం.

ఇక మిగిలింది బాయిలరు. పొద్దున్నే పొయ్యి తలుపు తెరుస్తూ, “ఏమ్మా, ఒంట్లో ఎలా ఉంది?” అని అడిగేవాడు. ప్రెషరు ముల్లు కదిలితే జవాబొచ్చినట్టే. కొన్ని రోజులు ఆయన మాట్లాడే మాట అదొక్కటే.

పొడుగక్క చేయి కాలిన మూడో రోజున పోలీసు ఇన్‌స్పెక్టరు స్టేషనుకి రమ్మని కబురు పెట్టాడు. కుర్చీ చూపించాడు. బాయిలరాయన కూర్చోలేదు.

“లాండ్రీ వెనకాల రేకుల షెడ్డులో ప్రార్థనలు చేస్తారే, పక్కవాళ్ళు, ఎరుగుదువా?”

ఎరుగును. ఆ మతానికి గట్టి పేరేదీ లేదు. గురువు లేడు, గ్రంథం లేదు. ఊళ్ళోవాళ్ళు ఎగతాళిగా ‘పక్కవాళ్ళు’ అనేవారు. దేవుడి పని కనుక వాళ్ళకి వారానికి ఒక గంట కూడుకోవడానికి అనుమతి ఉంది. మిల్లు వాళ్ళు ఒక్కొక్కరే అక్కడికి పోవడం మొదలుపెట్టారని ఇన్‌స్పెక్టరు చెవిన పడింది.

“నువ్వూ పో. ఎవడేమన్నాడో నాకు చెప్పు. మీవాణ్ణి నీకు చూపిస్తా.”

“ఇక్కడే ఉన్నాడా అయ్యా?”

“ఎక్కడుంటే నీకెందుకు? చూపిస్తానంటున్నాగా.”

బాయిలరాయన తలూపాడు. ఆయన్ని తప్పుపట్టే ముందు నాలుగు నెలలు ఆ గదిలో ఒంటరిగా ఉండి చూడండి.

సెలవు రోజున షెడ్డుకి వెళ్ళాడు. గోనెపట్టాల మీద గుండ్రంగా ముప్పై మంది దాకా కూర్చున్నారు. ఇద్దరు జరిగి చోటిచ్చారు. కుడివైపున అగ్గిపుల్ల. మడతల సెక్షన్లో పనిచేసే ఆ కుర్రాణ్ణి, సన్నగా ఉంటాడనీ ఊరికే మండుతాడనీ అలా పిలిచేవారు. ఎడమవైపున పొడుగక్క, చేయంతా కట్టుతో.

ఆమె పక్కన కూర్చోవలసి వస్తుందని ఆయన అనుకోలేదు.

“కొత్తగా వచ్చారు, మా పద్ధతి చెప్తాను,” అంది ఎదురుగా కూర్చున్న ముసలి మంత్రసాని. ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసిన చేతులు ఆమెవి. “ఇక్కడ ఎవరి కోసం వాళ్ళు అడుక్కోకూడదు. ఎడంపక్కన ఎవరుంటే వాళ్ళ కోసం అడగాలి. ఏం కావాలో వాళ్ళనే కనుక్కుని అడగండి. అంతే నాయనా, ఇంకేం లేదు.”

వంతు తిరిగి బాయిలరాయన దగ్గరికి వచ్చింది. పొడుగక్క వైపు తిరిగి, ఆమె మొహం చూడలేక కట్టుకేసి చూస్తూ, “నీకేం కావాలమ్మా?” అన్నాడు.

“ఒంటిచేత్తో జడ వేసుకోలేకపోతున్నా అన్నా. వీధిలోకి రావాలంటే సిగ్గుగా ఉంది.”

ఆయన కళ్ళు మూసుకున్నాడు. “దేవుడా,” అన్నాడు. “ఈమెకి... జడ.”

ఎవరో ఫక్కున నవ్వారు. పొడుగక్కా నవ్వింది. ఎవరో లేచొచ్చి, ఆమె వెనకాల కూర్చుని జుట్టు పాయలు తీయడం మొదలుపెట్టారు.

“నీకేం కావాలి మావా?” అన్నాడు అగ్గిపుల్ల.

“ఏమీ వద్దు.”

“దేవుడా, మా మావ ఏమీ వద్దంటున్నాడు. నీ ముందరే అబద్ధం. ఆయన మొహం చూసి నువ్వే ఏదో ఒకటి ఇయ్యి.”

నాలుగు నెలల్లో తన మొహంకేసి చూశామని చెప్పినవాళ్ళు వేరే లేరు. బాయిలరాయన ముక్కు చీదుకుంటున్నట్టు కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు అడిగాడు, “ఏం మాట్లాడారు?”

“జడ గురించి అయ్యా.”

“నాతో వేళాకోళమా?”

ఆ పై వారం దగ్గు గురించి. ఆ పై వారం కారుతున్న పైకప్పు గురించి. ఇన్‌స్పెక్టరు బల్ల మీద కొట్టాడు. “నీకు కొడుకు అక్కర్లేదన్నమాట.” బాయిలరాయన ఆ మాట మోసుకుంటూ గదికి పోయి, తలుపు మూసుకుని, చీకటి పడేదాకా మంచం మీద కదలకుండా కూర్చున్నాడు. షెడ్డులో కూర్చున్న గంటసేపు ఆయన మనిషి. మిగతా వారమంతా ఎవరూ కాదు.

నాలుగో వారం షెడ్డులో మాట మారింది. కాంట్రాక్టరు ఒక కాగితం తయారుచేశాడు. పనిలో ఎవరికి దెబ్బ తగిలినా పూచీ వాళ్ళదేనని, సంఘం మాట ఎత్తమని అందులో రాశాడు. మర్నాడు ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి వేలిముద్ర వేయిస్తాడట.

అగ్గిపుల్ల మండిపోయాడు. “ఇక్కడ కూర్చుని దేవుణ్ణి అడిగితే కాంట్రాక్టరుకి వినపడుతుందా? జోల పాడుకుంటున్నాం మనం!”

“అయితే కాంట్రాక్టరునే అడగరా. ఎవరొద్దన్నారు?” అంది మంత్రసాని.

“అడిగితే? ఒక్కొక్కడినే పిలిచేది అందుకేగా. ఒకడికి మేస్త్రీ పని ఇస్తానంటాడు, ఒకడి చెల్లెలికి చోటిస్తానంటాడు. ఎవడికేం కావాలో ఆ కాంట్రాక్టరుకి తెలుసు.”

“తెలుసు. నీకేం కావాలో తెలుసు గనకే నిన్ను వంచగలడు. నీ కోసం నువ్వు అడగనే అడక్కు. పొడుగక్క చెయ్యి కోసం అడుగు. ఇక్కడ కూర్చుని చేసే పని అక్కడ నిలబడి చెయ్యలేవా?”

అందరూ ఒక్కసారే మాట్లాడారు. భయపడినవాళ్ళు భయపడ్డారు. “పిల్లలున్నారమ్మా” అన్నవాళ్ళున్నారు. “నా పిల్లల కోసం నువ్వడుగు, నీ పిల్లల కోసం నేనడుగుతా” అన్నవాళ్ళున్నారు. గంట పూర్తయ్యేసరికి ఎవరు ఎవరి కోసం అడగాలో తేలిపోయింది.

బాయిలరాయనకి ఇన్‌స్పెక్టరుతో చెప్పదగ్గ మాట ఇన్నాళ్ళకి దొరికింది. ఈ ఒక్క మాట చెబితే కొడుకు.

“నీకేం కావాలి మావా?” అన్నాడు అగ్గిపుల్ల, ఎప్పటిలాగే.

“నేను పోలీసు పంపితే వచ్చాను,” అన్నాడాయన.

అగ్గిపుల్ల చొక్కా పట్టుకుని లేపాడు. “ఎన్నాళ్ళనుంచి? ఏమేం చెప్పావ్?”

“జడ గురించి చెప్పాను. దగ్గు గురించి.”

“ఇవాళ్టిది?”

“చెప్పను. కొడుకుని చూపిస్తానన్నాడు. అయినా చెప్పను.” పొడుగక్క కట్టుకేసి తిరిగాడు. “ఆ వాల్వు సంగతి కూడా నాకు ముందే తెలుసు. ఒకసారి చెప్పి ఊరుకున్నాను.”

అగ్గిపుల్ల చొక్కా వదిలేసి, అవతలి వైపుకి పోయి కూర్చున్నాడు. “ఈ మనిషి కోసం నేను అడగను” అన్నాడు. ఎవరూ అతణ్ణి మందలించలేదు. మంత్రసాని కూడా తల దించుకుంది. బాయిలరాయన కుడిపక్కన గోనెపట్టా ఖాళీగా ఉంది. ఆ ఖాళీ వైపు ఎవరూ చూడడం లేదు. కుళాయి దగ్గర బిందెలు ఇలాగే జరిగేవి. ఆయన పోదామని లేవబోయాడు.

ఎడమవైపు నుంచి పొడుగక్క లేచి, ఆయన వెనకనుంచి తిరిగి వచ్చి, ఆ ఖాళీలో కూలబడింది.

“జరుగు,” అంది కోపంగా. “దేవుడా, ఈ ముసలాయన చేసింది తప్పు. నా చెయ్యి నాకు రాదు, ఈయన్ని నేనింకా క్షమించలేదు. అయినా ఈయన కొడుకు ఎక్కడున్నాడో ఈయనకి తెలియాలి. మాకూ తెలియాలి.”

మర్నాడు పొద్దున కాంట్రాక్టరు గదిలో ఇన్‌స్పెక్టరు కూడా కూర్చున్నాడు. మొదట అగ్గిపుల్లని పిలిచారు.

“వేలిముద్ర వెయ్యి. నిన్ను మేస్త్రీని చేస్తా.”

“నాకేం వద్దండీ. పొడుగక్కకి వైద్యం చేయించండి, పనిలోకి తీసుకోండి.”

“ఆవిడ నీకేమవుతుంది?”

“ఏమీ కాదు.”

రెండోవాడు మొదటివాడి తమ్ముడి కోసం అడిగాడు. మూడో ఆమె రెండోవాడి తల్లి దగ్గు కోసం, తొట్ల దగ్గర గాలి ఆడే కిటికీ కావాలంది. నలభై మంది వచ్చారు, నలభై మందీ ఇంకొకరి కోసమే అడిగారు. వాళ్ళలో సగం మంది షెడ్డు మొహం ఎరగనివాళ్ళు. గుమ్మం బయట వరుసలో నిలబడే నేర్చుకున్నారు. కాంట్రాక్టరు మెడ మీద నరం లేచింది. “ఒక్కడంటే ఒక్కడు తన సంగతి చెప్పడేంట్రా!”

బాయిలరాయన లోపలికి వెళ్ళాడు. ఇన్‌స్పెక్టరు తలుపు మూశాడు.

“ఇదంతా ఎవడు నేర్పాడో చెప్పు. సాయంత్రం మీవాడితో కూర్చుని అన్నం తిందువు గాని.”

కొడుకు అన్నం కలుపుకునే తీరు కళ్ళ ముందు ఆడింది. గోడ పట్టుకున్నాడు.

“పొడుగక్కకి వైద్యం చేయించండి,” అన్నాడు. “వాల్వు మార్చండి. మార్చేదాకా ఆవిరి ఇవ్వను.”

గదిలోంచి నేరుగా బాయిలరు దగ్గరికి నడిచాడు. పొయ్యి తలుపు తెరిచి, మండుతున్న బొగ్గంతా పారతో కిందికి లాగి నీళ్ళు కొట్టాడు. పైనున్న ఆవిరి గొట్టం తెరిచేశాడు. మిల్లంతా అదిరేలా ఆవిరి కూత పెట్టింది. క్రమంగా సన్నబడి ఆగిపోయింది. తొట్లు చల్లబడ్డాయి. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ మిల్లులో మనిషి మాట మనిషికి వినపడింది. రెండొందల మందీ నీలం, ఎరుపు, పసుపు అంటిన చేతులతో తొట్లు వదిలి నడవలోకి వచ్చారు.

ఆయన్ని జీపు ఎక్కించారు.

స్టేషన్లో కటకటాల వెనక నిలబడి, కాపలా కానిస్టేబుల్ని అడిగాడు. “నాయనా, మావాడు ఏ గదిలో ఉన్నాడు?”

కానిస్టేబులు అటూ ఇటూ చూసి, “పెద్దాయనా, నీ కొడుకు ఇక్కడ లేడు,” అన్నాడు మెల్లగా. “తెచ్చిన వారానికే ఎటో పంపేశారు. ఎక్కడికో మా ఇన్‌స్పెక్టరుకే తెలీదు.”

బాయిలరాయన గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు దగ్గర ఇవ్వడానికి మొదట్నుంచీ ఏమీ లేదు. సున్నం రాలిన గోడ, మూలన నీళ్ళ కుండ, కిటికీలోంచి జానెడు వెలుగు. మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. కొడుకు ఎక్కడ అన్న ప్రశ్న అయిదు నెలలుగా లోకంలో అడుగుతున్నవాడు ఆయనొక్కడే. ఇప్పుడు ఆ ఒక్కడూ లోపల పడ్డాడు.

బయట గేటు దగ్గర ఏదో అలికిడైంది.

“ఎవరి కోసం వచ్చావ్?” సెంట్రీ గొంతు.

“బాయిలరాయన కొడుకు కోసం.” అది పొడుగక్క.

“నీకేమవుతాడు?”

“ఎప్పుడూ చూడలేదు.”

“నువ్వు?”

“బాయిలరాయన కొడుకు కోసం.” అగ్గిపుల్ల గొంతు. ఎప్పటికంటే బొంగురుగా ఉంది.

“నువ్వు?”

“ఆ కుర్రాడి కోసమే. వాణ్ణి ఈ లోకంలోకి తెచ్చిన చేతులు నావి. ఎక్కడ పెట్టారో చెప్పండి.”

సెంట్రీ అడగడం మానేశాడు. అడగకుండానే చెబుతున్నారు. మడతల సెక్షన్, తొట్ల వాళ్ళు, లాండ్రీ వాళ్ళు, కుళాయి దగ్గర బిందెలు జరిపినవాళ్ళు. బాయిలరాయన కిటికీ ఊచలు పట్టుకుని పైకి లేచాడు. మునివేళ్ళ మీద నిలబడితే రోడ్డు కనిపించింది. నలుగురికి మించి చేరకూడదన్న రోడ్డు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నిండిపోయి ఉంది.

ఇన్‌స్పెక్టరు లాఠీల వాళ్ళను వెంటేసుకుని మెట్లు దిగాడు. “అయిదు నిమిషాల్లో చెదిరిపోవాలి! వాడెక్కడున్నాడో నాకు తెలీదు!”

“తెలుసుకుని చెప్పండి. కూర్చుంటాం,” అంది పొడుగక్క. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు మధ్యలో బాసింపట్టు వేసుకుంది. ఆమె పక్కన అగ్గిపుల్ల కూర్చున్నాడు. అతని పక్కన ఇంకొకరు.

ఇన్‌స్పెక్టరు ఈల ఊదాడు. ఎవరూ లేవలేదు.