బిగబట్టిన ఊపిరి

అక్కది పుట్టుమొండితనం. అమ్మ కన్నుమూసిన రోజు చెల్లెలు ఆసుపత్రి డ్యూటీలో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చింది. "ఊరందరికీ వైద్యం చేస్తావు, కన్నతల్లి పక్కన కూర్చోడానికి నీకు తీరిక లేదు. ఇక నీతో మాట్లాడితే ఒట్టు" అంది అక్క. అన్నంత పనీ చేసింది. ఏళ్లు గడిచిపోయాయి. చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా బావే ఎత్తేవాడు. అక్కను పిలవమంటే పాపం నీళ్లు నమిలేవాడు.

అలాంటి అక్క ఎడమ రొమ్ములో గడ్డ తీయించుకుని, రేడియేషన్‌కని చెల్లెలు పనిచేసే చోటికే రావలసి వచ్చింది. దగ్గర్లో ఆ యంత్రం ఉన్నది అక్కడొక్కచోటే మరి. లీనియర్ యాక్సిలరేటర్. గొట్టంలో ఎలక్ట్రాన్లను తిన్నగా, మహావేగంగా పరుగెత్తించి లోహానికి కొట్టిస్తే ఎక్స్‌రేలు పుడతాయి. వాటిని గడ్డ తీసేసిన చోటికి గురిపెడతారు. ఆ యంత్రాన్ని నడిపేది చెల్లెలే. వేరే మనిషిని పెట్టమని అక్క అడుగుతుందేమోనని ఆమెకు లోపల బిక్కుబిక్కుమంది. అక్క ఏమీ అడగలేదు. ముఖం గోడవైపు తిప్పుకుని బల్ల మీద పడుకుంది.

ఎడమ రొమ్ముకు కిరణాలు పెట్టించుకునేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. నిండుగా గాలి పీల్చి బిగబడితే గుండె కిరణాల దారిలోంచి కాస్త పక్కకు తప్పుకుంటుంది. ఆ కాసేపట్లోనే పని కానివ్వాలి. రోగి ఒక్కరే లోపల, మందపాటి తలుపు మూసి మిగతా అందరూ బయట. గాలి పీల్చండి, ఆపండి, వదలండి అని బయటినుంచి మైకులో చెబుతారు, లోపలి మాట కూడా బయటికి వినబడుతుంది. సొంత అక్కతో ఆ 'అండి'లు పలకవలసి వచ్చినందుకు మొదటిరోజు చెల్లెలి ప్రాణం ఉసూరుమంది.

అయినా రోజూ అక్క తన మాట వింటోంది కదా, అదే పదివేలనుకుంది. బయట తన ముందున్న తెర మీద అక్క ఛాతీ పైకి లేచి నిలబడగానే తనకు తెలియకుండానే తనూ ఊపిరి బిగబట్టేది. చిన్నప్పుడు దుప్పటి ముసుగులో ఇద్దరూ ఆడిన ఆట అది. ముందు వదిలినవాళ్లు ఓడినట్టు. ఎప్పుడూ అక్కే గెలిచేది. తిట్టయినా సరే, ఆ నోటినుంచి ఒక్క మాట వినాలని చెల్లెలి మనసు కొట్టుకుపోయేది. అక్క మాత్రం బల్ల దిగి, చెప్పులేసుకుని, తన దారిన తను వెళ్లిపోయేది.

ఆఖరిరోజు రానే వచ్చింది. చివరి విడత కిరణాలు పడటం అయిపోయింది, యంత్రం ఆగింది. ఇక వదలమని చెప్పాలి. చెబితే అక్క లేచి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. చెల్లెలు మైకు బొత్తాం నొక్కిపట్టింది కానీ 'వదలండి' అనలేదు. తన ఊపిరీ అలాగే ఉండిపోయింది. తెర మీద అక్క ఛాతీ కూడా దిగలేదు. మొండిఘటం, చెప్పందే వదలదు.

ఇక చెల్లెలి వల్ల కాలేదు. గుండెల్లో గాలంతా ఒక్కసారి బయటికి తన్నుకొచ్చింది. మైకులోంచి ఆ చప్పుడు లోపలి గది నిండా వినబడింది.

లోపల అక్క తాపీగా ఊపిరి వదిలింది.

"మళ్లీ నువ్వే ముందు వదిలావే."

చెల్లెలి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "ఓడిపోయానక్కా."

"సరేలే, తలుపు తియ్యి. చలేస్తోంది."

ఆ బరువు తలుపు ఎంత తొందరపెట్టినా నెమ్మదిగానే తెరుచుకుంటుంది. మనిషి పట్టేంత సందు కాగానే చెల్లెలు లోపలికి దూరింది.