తొట్టిలో ఏడు చేపలు

ఎనిమిదింపావుకి తొట్టిలో చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి. నేను ముందు చూసుకున్నది నదిని కాదు, నా చేతుల్ని.

కారణం ఉంది. పోయిన నెల ఈ అద్దాల తొట్టిని సబ్బు పెట్టి కడిగాను. పాచి పట్టిందని నా అతితెలివి. చేపలు వెల్లకిలా తేలాయి. నదిలో ఏదో కలిసిందనుకుని ఊరికి నీళ్లు వదిలే గేటు దించేశాను. సగం రోజు నీళ్లు లేక ఊరంతా మమ్మల్ని ఆడిపోసుకుంది. ఇంకోసారి ఇలా జరిగితే ఇంటికి పంపుతామని మేనేజరు చాలా మర్యాదగా మెమో రాసిచ్చాడు.

మా నీళ్ల ప్లాంటులో మీటర్లకేం తక్కువ లేదు. బురద ఎంత, క్లోరిన్ ఎంత అని గోడ మీద ఎర్రంకెలు మెరుస్తూనే ఉంటాయి. కానీ అన్ని విషాల్నీ అవి పసిగట్టలేవు. అందుకే నాకు ముందు పనిచేసిన పెద్దాయన నదినీళ్లు సన్న పైపులోంచి ఈ తొట్టిలోకి వచ్చిపోయేలా ఏర్పాటు చేశాడు. ఎగువన రెల్లు మడుగులో దొరికే వేలెడంత చేపల్ని తెచ్చి ఇందులో వేసేవాడు. "ఇవి మహా సుకుమారం. ఏ తేడా వచ్చినా మనకంటే ముందు వీటికి తెలుస్తుంది" అనేవాడు. రిటైరైన రోజున తాళాలకన్నా ముందు తన చిన్న వల నా చేతిలో పెట్టాడు.

ఆ మడుగుని గోదాములు కట్టడానికని రెండు వారాల కింద మట్టి పోసి పూడ్చేశారు. పనికిరాని బురదగుంట అని కాగితాల్లో రాశారట. రాసినవాణ్ణి తీసుకొచ్చి నా కుర్చీలో ఒక్క పూట కూర్చోబెట్టాలని ఉంది. లారీలు వచ్చేలోపు నేను పట్టుకోగలిగినవి ఏడు చేపలు. ఐదింటిని తొట్టిలో వేశాను. రెండింటిని విడిగా పాతనీళ్ల బకెట్లో ఉంచాను.

ఇప్పుడు ఆ ఐదూ గిలగిల్లాడుతున్నాయి. పొద్దున్నే మణికట్టు నొప్పికి మందు రాసుకున్నాను. ఆ చేత్తోనే మేత వేశానా? చెయ్యి వాసన చూసుకున్నాను. ఏమీ తేలలేదు.

అదే సమయానికి మా అక్క ఆస్పత్రిలో డయాలసిస్ మీద ఉంది. ఎనిమిదింటికి మొదలైతే నాలుగు గంటలు. ఆ మెషీన్‌కి వెళ్లేవి మా నీళ్లే. గేటు దాటిన నీళ్లు రెండు గంటల్లో అక్కడికి చేరతాయి. ఆస్పత్రిలో మళ్లీ వడకడతారు గానీ, ఆ వడపోత దేన్ని ఆపుతుందో దేన్ని వదిలేస్తుందో నాకు తెలీదు. నీళ్లు ఆపితే మెషీన్ మధ్యలో ఆగుతుంది. ఆపకపోతే ఈ చేపల్ని చంపుతున్నదేదో అక్క రక్తం దాకా వెళ్తుంది.

మేనేజరుకి ఫోన్ చేశాను.

"మీటర్లు బాగానే ఉన్నాయా?"

"ఉన్నాయి సార్."

"మళ్లీ సబ్బేసి కడిగావా?"

"లేదు సార్."

"అరగంటలో వస్తున్నా. అప్పటిదాకా దేన్నీ ముట్టుకోకు."

ఆయన అరగంట ఎంత పొడుగో మా అందరికీ తెలుసు. ఒక గాజుసీసాని తిన్నగా నదిపైపు కింద పెట్టి నింపాను. చెయ్యి తగలకుండా గరిటెతో బకెట్లోంచి ఒక చేపని తీసి అందులో వదిలాను. గోడగడియారం చూస్తూ నిలబడ్డాను. ఒకటో నిమిషం బాగానే తిరిగింది. రెండో నిమిషంలో పైకొచ్చింది. నాలుగో నిమిషానికి పక్కకి ఒరిగిపోయింది.

తప్పు నా చేతిది కాదు.

అక్కకి ఫోన్ చేస్తే నర్సు ఎత్తి ఆమె చెవి దగ్గర పెట్టింది.

"అక్కా, నీళ్లు ఆపేస్తున్నాను. మెషీన్ మధ్యలో ఆగుతుందేమో."

"ఆగితే రేపు ఎక్కించుకుంటాలేరా. ముందు నువ్వు గేటు దించు" అంది. మళ్లీ తనే, "సబ్బు కాదుగా?" అంది.

దించేశాను.

మేనేజరు వచ్చి నదినీళ్లు ల్యాబుకి పంపించాడు. పదకొండింటికి ఫలితం వచ్చింది. పురుగుమందు. ఎగువ తోటల్లో కొట్టింది రాత్రి వానకి కొట్టుకొచ్చింది. మందు ఏటా కొడతారు, వానలూ ఏటా పడతాయి. ఇన్నేళ్లూ ఆ తోటలకీ మాకూ మధ్య ఆ విషాన్ని పట్టి ఉంచే రెల్లు మడుగు ఉండేది. మేనేజరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, నా మెమో సంగతి ఇక ఎత్తలేదు.

సాయంత్రం ప్లాస్టిక్ సంచిలో ఆరు ఎర్రచేపలు తెచ్చాడు, పాపం, మంచి మనసుతోనే. "దుకాణంవాడు గ్యారంటీ ఇచ్చాడయ్యా. ఎలాంటి నీళ్లలోనైనా బతుకుతాయట."

"అందుకే పనికిరావు సార్" అన్నాను. ఆయనకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

చీకటిపడే ముందు ల్యాబు మళ్లీ ఫోన్ చేసి, నది తేటపడింది, గేటు ఎత్తొచ్చు అంది. వెంటనే అక్క ఫోన్.

"రేపు పొద్దున్నే ఎక్కిస్తారట. నీళ్లు మంచివేనా?"

"ఒక్క నిమిషం ఆగక్కా."

తొట్టిలోంచి చచ్చిన ఐదింటినీ తీసేసి, మళ్లీ నదినీళ్లు నింపి, గరిటెతో బకెట్లో మిగిలిన ఆ ఒక్క చేపనీ తీసి అందులో వదిలాను. మేనేజరు కూడా లేచొచ్చి నా పక్కన వంగాడు. చేప అడుక్కి దిగింది, ఒక మూలకి వెళ్లింది, తిరిగొచ్చింది. నాలుగు నిమిషాలు దాటాయి. అవతల అక్క లైన్లోనే ఉంది.

"మంచివేనక్కా" అన్నాను.

"రేపు బయల్దేరే ముందు మళ్లీ అడుగుతాలేరా" అంది.

సరేనన్నాను. రేపు అడగడానికి నాకున్నది ఆ ఒక్క చేపే అని ఆమెతో చెప్పలేదు.