గోడకి ఆనించిన కర్రలు

మా కాజాల అక్క చాలా మంచిది. ఆ మంచితనంతోనే నా కొంప ముంచింది.

మా కుట్టు దుకాణంలో గుండీలకి కాజాలు కుట్టేది ఆవిడే, అందుకే ఆ పేరు. నేను చొక్కాలు కత్తిరిస్తాను. పోలియోతో చిన్నప్పుడే నా రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. పొద్దున చంక కర్రల మీద వచ్చి, కటింగ్ బల్ల ముందు స్టూలెక్కి కూర్చుంటాను. కూర్చోవడమే ఆలస్యం, అక్క వచ్చి నా కర్రలు పట్టుకెళ్ళి ఎదురుగోడకి ఆనించేస్తుంది. "ఎవరైనా తట్టుకుని పడతారే" అంటుంది. నా పక్కనే ఉండనియ్యమని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. "కావాలంటే పిలువు, ఇస్తాగా" అంటుంది. దాహమేసినా పిలవాలి, బాత్రూంకి వెళ్ళాలన్నా పిలవాలి. మీ చెప్పులు ఎవరో రోజూ అటకెక్కించి, అడిగినప్పుడు దించి ఇస్తామంటే మీకెలా ఉంటుంది?

కోట్లు కత్తిరించే మా పెద్ద మాస్టారు పని మానేస్తున్నారు. ఆ బల్ల మీద నాకు ఎన్నేళ్ళుగానో ఆశ. పోటీకి నేనూ, ప్యాంట్లు కత్తిరించేవాడూ. భోజనాలయ్యాక మేడమీద మాస్టారి ముందు చెరో కోటూ కత్తిరించాలని యజమాని చెప్పాడు.

"మేడమీదంటే నీకు మరి..." అని నసిగాడు.

"వస్తాను సార్. మెట్లు నా పద్ధతిలో నేనెక్కుతాను."

నా పద్ధతంటే, మెట్టు మీద కూర్చుని, చేతుల మీద ఒళ్ళు లేపుకుంటూ వెనక్కి వెనక్కి ఎక్కడం. చూడ్డానికి బాగోదు, అంతే.

"అలాగేనమ్మా" అన్నాడు.

భోజనాలయ్యాయి. అందరూ బిలబిలమంటూ పైకి పోయారు, అక్కతో సహా. కర్రలు గోడ దగ్గరే ఉన్నాయి. పిలిచాను. గొంతు చించుకున్నాను. పైన మిషన్ల రొదలో నా కేక ఎవరికి కావాలి?

కాసేపు చూశాను. ఇక ఒళ్ళు మండి, మెట్లెక్కడానికి కర్రలెలాగూ అక్కర్లేదని, బల్ల అంచు పట్టుకుని నేలమీదికి జారాను. గుడ్డపేలికలు, దారప్పోగులు, గుండుసూదులు, వాటిమధ్యే మెట్లదాకా పాకాను. అరచేతిలో ఒక సూది దిగితే పీకి పారేశాను. పైమెట్టు చేరేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

అక్కడ ఒక కోటు గుడ్డ అప్పటికే ముక్కలై ఉంది. రెండోదాని మడతయినా విప్పలేదు.

దుమ్ముకొట్టుకుపోయిన నన్ను చూసి అందరూ కొయ్యబారిపోయారు. "అయ్యో తల్లీ, పిలిస్తే వచ్చేదాన్ని కదే" అని అక్క నోరు నొక్కుకుంది. యజమాని కళ్ళు తుడుచుకున్నాడు. "చూశారా, పట్టుదలంటే ఇదీ. చప్పట్లు కొట్టండి" అన్నాడు.

కొట్టారు. ప్యాంట్లవాడు అందరికంటే గట్టిగా కొట్టాడు.

"నా గుడ్డేది సార్?" అన్నాను.

"ఎందుకమ్మా నీకీ శ్రమ? కోటు మాస్టరంటే పైకీ కిందికీ తిరగాలి. కింద నీకు హాయిగా అన్నీ నీ దగ్గరికే వస్తాయి. నీ మంచి కోరే, ఆ బల్ల వాడికిద్దామని పొద్దున్నే అనుకున్నాం."

"ఆ మంచి నేనడిగానా? కత్తిరించమన్నారు, కత్తిరించడానికొచ్చాను. నా చేతులు చూడండి, కాళ్ళు కాదు."

నాకు కోపమొచ్చినందుకు పాపం వాళ్ళందరికీ బాధ కలిగింది. ఇన్ని చప్పట్లు కొడితే ఇదా మర్యాద అన్నట్టు చూశారు. నేను అడక్కుండానే ఇద్దరొచ్చి చెరో రెక్కా పట్టి లేపి, నన్ను కుర్చీలో కూలేశారు. అక్క పరుగున కిందికెళ్ళి నా కర్రలు తెచ్చింది.

"ఆ రెండో గుడ్డ ఇలా ఇవ్వండి" అన్నాను. మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు. ఒక్కరూ కదల్లేదు.

సరే, నేనే తెచ్చుకుంటానని కర్రల కోసం పక్కకి చెయ్యి చాపాను. చేతికేమీ తగల్లేదు. ఎవరైనా తట్టుకుని పడతారని, అక్క వాటిని ఎదురుగోడకి ఆనించింది.