అర సెకను ముందు

దెబ్బ చప్పుడు వినగానే, పిల్లలకి స్టేజీ కొట్లాటలు నేర్పే దెబ్బల మేడంకి అది నిజం దెబ్బ అని తెలిసిపోయింది. నాటకంలో దెబ్బకి చప్పుడు వేరే. అక్కడ తన్నులు తినేవాడే తన తొడ మీదో గుండె మీదో అరచేత్తో చరుచుకుంటాడు, హాలు చివరి వరుసకి వినపడేలా. ఇది అలా లేదు. తడిబట్ట నేలకేసి కొట్టినట్టు మెత్తగా వచ్చింది. దాని వెనకే ఏదో చిన్నగా విరిగింది.

విరిగింది హీరో దవడ. హీరో అంటే ఆ రంగస్థల విభాగంలో అందరూ ముద్దుగా పిలుచుకునే కుర్రాడు. అందగాడు, ఆ ముఖాన్ని నమ్ముకుని రేపు బతకాలనుకున్నవాడు. స్టేజీ మీద వెల్లకిలా పడి ఉన్నాడు. నోరు మూతపడటం లేదు, అందుకని అరుపు కూడా సరిగ్గా రావడం లేదు. నెత్తురు చెవి దాకా కారింది. వాడి ఎదురుగా నిచ్చెన నిలబడి తన పిడికిలి కేసి చూసుకుంటున్నాడు. మనిషి పొడుగు, బక్కపలచన, చొక్కా విప్పితే పక్కటెముకలు మెట్లలా కనపడతాయి. ఆ పేరు పెట్టింది కూడా హీరోనే.

రెండేళ్ళ తర్వాత విశ్వవిద్యాలయం తలుపులు తెరిచిన రోజు అది. ఊళ్ళన్నీ మూయించిన జబ్బు దయ వల్ల రెండేళ్ళు చదువంతా ఫోన్లలోనే సాగింది. ఇవాళ గోడలకి కొత్త రంగు, గేటుకి పూలు, నేల మీద ఎటు నడవాలో చెప్పే పచ్చ బాణాలు. పదకొండింటికి వైస్ ఛాన్సలర్ కెమెరాలతో వస్తారు, పిల్లలు మళ్ళీ ఒకచోట చేరి ఎంత ఉత్సాహంగా చదువుతున్నారో లోకానికి చూపించాలి. లెక్కల తరగతిలో ఏం కనపడుతుంది? అందుకే విభాగం హెడ్డుకి కొట్లాట దృశ్యం గుర్తొచ్చింది. "రెండు నిమిషాల ముక్క చాలు మేడం, మీ పిల్లలకి కొట్టిన పిండేగా" అన్నాడు. ఒక్క వారం ఆగమని చెప్పి ఉండాల్సింది. ఆవిడ సరేనంది. పది నిమిషాలు నిలబడే చోట్లు మాత్రం చూసుకుని, వాళ్ళొచ్చేలోగా ఒకసారి చేసి చూద్దాం, ఎక్కండి స్టేజీ అంది.

"అన్నంత పనీ చేశాడురా!" అని వెనక వరుసలోంచి ఎవడో అరిచాడు. అంతే.

ఆ మాట వెనక ఒక కథ ఉంది. మొదటి ఏడు నిచ్చెన వాళ్ళ అమ్మ ఆ జబ్బుతోనే పోయింది. హాజరు పోతుందన్న భయంతో మూడో రోజే వాడు ఫోన్లో తరగతికి కూర్చున్నాడు. దెబ్బల మేడం వాణ్ణి ఓదారుస్తుండగా హీరో మైకులోంచి పకపకా నవ్వు వినపడింది. మైకు కట్టెయ్యడం మర్చిపోయి ఇంట్లో దేన్ని చూసి నవ్వాడో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం నిచ్చెన తరగతి గ్రూపులో ఒకే ఒక్క ముక్క రాశాడు: "నేరుగా కనపడిన రోజు నీ మూతి పగలగొడతా." ఆ ముక్క ఇప్పటికీ అందరి ఫోన్లలోనూ ఉంది.

పదిమంది ఒక్కసారి స్టేజీ ఎక్కారు. రెండేళ్ళుగా గదుల్లో ఒంటరిగా గాలిని కొట్టి కొట్టి విసిగిపోయిన పిల్లలు, ఇప్పుడు చేతికి మనిషి దొరికాడు. నిచ్చెనని జుట్టు పట్టి లాగి కింద పడేశారు. ఒకడు డొక్కలో తన్నాడు. మరొకడు చెక్క కుర్చీ ఎత్తి వీపున వేశాడు. ఆవిడ నేర్పిన తన్నుల్లో ఒక్కటి కూడా అందులో లేదు. వాడు తలకి చెయ్యి అడ్డు పెట్టుకోను కూడా లేదు. ఆవిడ మధ్యలో దూరి, మోచేతులతో పొడిచి, ఒకమ్మాయి చెయ్యి కొరికి, వాణ్ణి దుస్తుల గదిలోకి ఈడ్చి గడియ పెట్టింది. ఒకప్పుడు సినిమాల్లో హీరోయిన్ల బదులు మేడల మీంచి దూకిన మనిషి. యాభై దాటినా ఒంట్లో ఇంకా సత్తువ ఉంది.

నిచ్చెన కనుబొమ్మ చీలి కళ్ళలోకి నెత్తురు కారుతోంది.

"కావాలని కొట్టావా?" అని అడిగింది.

"తెలీదు మేడం."

"తెలీకపోవడమేంట్రా? చెయ్యి నీదేగా?"

"కొడదామని రెండేళ్ళు అనుకున్నా. పొద్దున చూస్తే వాడూ చిక్కిపోయున్నాడు. పోనీలే అనిపించింది. లెక్క పెట్టుకున్నా, చెయ్యి వదిలా. అంతే. కానీ లోపల ఎక్కడో ఉందేమో మేడం. నాకే తెలీడం లేదు."

"ఎప్పుడు వదిలావు?"

"రెండుకీ మూడుకీ మధ్య. మీరు చెప్పినట్టే."

వాడి నుదురు తుడవబోయిన ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

స్టేజీ కొట్లాటలో పెత్తనం కొట్టేవాడిది కాదు, తినేవాడిది. తినేవాడు కనుసైగ చేస్తాడు, తల తిప్పుతాడు, ఆ తర్వాతే పిడికిలి వాడి తల ఉన్న చోటికి వస్తుంది. అప్పటికి అక్కడ తల ఉండదు. కొత్తవాళ్ళకైతే లెక్క ఉంటుంది. మూడు అనగానే తల తప్పుకోవాలి, అది చూశాకే చెయ్యి వదలాలి. ముప్ఫై ఏళ్ళు ఆవిడ ఇలాగే బతికి బట్టకట్టింది.

ఫోన్లో అది కుదర్లేదు. ఒకడు తన గదిలో, మరొకడు తన గదిలో. తినేవాడి బొమ్మ కొట్టేవాడి ఫోనుకి చేరడానికి అర సెకను పట్టేది. సైగ చూసి చెయ్యి విసిరితే అప్పటికే తినేవాడు పడిపోయి ఉండేవాడు, ఆ తర్వాత పిడికిలి తీరిగ్గా వచ్చేది. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆవిడకి ఒళ్ళు మండింది. "సైగ కోసం చూడకండి. రెండు అయ్యాక, మూడు రాకముందే వదిలెయ్యండి. ఎదురుగా ఎవరున్నారని? పూర్తి బలంతో కొట్టండి!" అంది. రెండేళ్ళు అదే పాట. అలా చేస్తే తెర మీద అద్భుతంగా కుదిరేది. అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఆ సంగతి విప్పి చెప్పడానికి ఆవిడ నోరు తెరిచేలోగా హెడ్డు వెనక తలుపు నుంచి వచ్చాడు, చేతిలో కాగితం.

"హీరోని ఆస్పత్రికి పంపాం. దవడ రెండు చోట్ల విరిగినట్టుందని అంబులెన్సువాళ్ళన్నారు. వైస్ ఛాన్సలర్ని రావద్దన్నాం. మీరిక్కడ సంతకం పెట్టండి."

పద్ధతి ప్రకారమే శిక్షణ ఇచ్చామనీ, పాత కక్షతో విద్యార్థి కావాలనే కొట్టాడనీ అందులో ఉంది.

"సార్, ఒక్క మాట..."

"మాటలు తర్వాత. మీ ఉద్యోగం పొడిగింపు కాగితం కూడా నా బల్ల మీదే ఉంది. గ్రూపులో వాడు రాసింది లోకమంతా చూసింది. మీరెందుకు మధ్యలో?"

ఆవిడ సంతకం పెట్టింది. నిచ్చెన చూస్తుండగానే, వాడి వైపు వీపు తిప్పి పెట్టింది. పిరికితనం అంటే అదే, దానికి వేరే ముద్దుపేరు అక్కర్లేదు. హెడ్డు వెంట బయటికి నడిచి, పంపు కింద చేతుల నెత్తురు కడుక్కుంటూ నిలబడింది. కడుక్కోవడం అయిపోయాక కూడా పంపు కట్టలేదు.

హీరోకి అమ్మానాన్నలు లేరు, అన్నే పెంచాడు. బస్సుల గ్యారేజీలో మెకానిక్కు. ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చాడు, తమ్ముడి నెత్తురు చొక్కా మీద ఇంకా ఆరలేదు. వెంట గ్యారేజీ మనుషులు ముగ్గురు, చేతిలో మూరెడు ఇనపరాడ్డు. గేటు దగ్గర హెడ్డు చేతులు దులుపుకోవడానికి ఆ కాగితం చూపించాడు. "వాడు కావాలనే కొట్టాడని పాఠం చెప్పిన మేడమే సంతకం పెట్టింది, మాదేం లేదు" అన్నాడు. కాపలావాళ్ళు ముఖాలు చాటేశారు.

దుస్తుల గది తలుపు రెండు తన్నులకి ఊడింది. నిచ్చెనని మెడ పట్టి హాల్లోకి ఈడ్చుకొచ్చి స్టేజీ అంచుకి తోశారు. ఒకడు మోకాలితో వీపు తొక్కిపట్టాడు. చుట్టూ తరగతి పిల్లలు. ఇందాకటి శూరులంతా గోడకి అతుక్కున్నారు.

"ఏ చేత్తో కొట్టావురా?" అన్నాడు అన్న.

నిచ్చెన కుడిచెయ్యి తనే చాపి స్టేజీ చెక్క మీద పెట్టాడు.

దెబ్బల మేడం పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఆగండి! వాడి తప్పు కాదు. ఆ సంతకం అబద్ధం. నేను నేర్పిందే తప్పు."

"ఇప్పుడు గుర్తొచ్చిందా? తప్పుకోండి మేడం, మీ వయసు చూసి ఊరుకుంటున్నా."

"రుజువు చేస్తా. నన్ను కొట్టమనండి. ఫోన్లో నేర్పింది నేర్పినట్టు. వాడు కావాలని ఆపితే తప్ప దెబ్బ నాకు తగులుతుంది."

అన్న రాడ్డు కిందికి దించాడు. నిచ్చెనని వదలమని సైగ చేశాడు. ఆవిడ వాడి ఎదురుగా నిలబడి, "ఒకటి, రెండు" అని లెక్క మొదలుపెట్టింది. నిచ్చెన చెయ్యి వచ్చింది, ముందే వచ్చింది, కానీ ఆవిడ ముఖానికి జానెడు దూరంలో ఆగిపోయింది. పొద్దున ఒక ముఖం పగలడం కళ్ళారా చూసినవాడు. మరో ముఖం మీద వాడికి చెయ్యి ఆడలేదు.

"చూశారా?" అన్నాడు అన్న. "ఆపాలనుకుంటే ఆపగలడు. మా వాడి దగ్గరే ఆపలేదు."

రాడ్డు లేచింది. నిచ్చెన చెయ్యి మళ్ళీ చెక్క మీదికి చేరింది, అన్న దాన్ని అదిమిపట్టాడు. ఆ కుర్రాడి మంచితనమే వాడి కొంప ముంచింది. ఆవిడ రాడ్డుని గాల్లోనే రెండు చేతులా పట్టుకుంది.

"ఇంకొకరు! ఇక్కడ పద్నాలుగుమంది ఉన్నారు. ఎవరితోనైనా సరే నన్ను కొట్టించండి, మీరే ఎంచుకోండి. మీ తమ్ముడి మీద ఏ కోపమూ లేనివాళ్ళని."

అన్న చుట్టూ చూసి, గోడ మూల నక్కిన ఓ పిల్లని రాడ్డుతో చూపించాడు. తరగతిలో ఎవరూ ఆ పిల్ల గొంతు సరిగ్గా విన్నవాళ్ళు కాదు. చేతులు అగ్గిపుల్లల్లా ఉన్నాయి.

"నావల్ల కాదు మేడం" అంది ఆ పిల్ల ఏడుస్తూ.

"కళ్ళు మూసుకో. నీ గదిలో ఉన్నావనుకో. ఎదురుగా ఫోనుంది, ఇంకేం లేదు. నేను లెక్కపెడతా, చెప్పింది చెయ్యి."

ఒకటి, రెండు.

మూడుకి తల తిప్పుదామని ఆవిడ మెడ అప్పుడే కదలబోతోంది. ఆ పిల్ల పిడికిలి నేరుగా వచ్చి నోటికి తగిలింది. కింది పెదవి చితికింది, ముందు పన్ను విరిగి నాలుక మీద పడింది. ఆవిడ తూలి మోకాళ్ళ మీద కూలబడింది. ఆ పిల్ల కళ్ళు తెరిచి, చూసి, కెవ్వున అరిచి గోడ దగ్గరికి పారిపోయింది.

ఆవిడ పన్ను ఉమ్మేసి తలెత్తింది.

అన్న నిచ్చెన చెయ్యి వదిలేశాడు. రాడ్డు మాత్రం వదల్లేదు. పాపం, పొద్దుట్నుంచీ మోస్తున్న కోపాన్ని ఎక్కడ దించాలో వాడికి తెలియడం లేదు.

"అంటే... మా వాడి దవడ విరగ్గొట్టింది మీరా?"

జవాబులు బోలెడు ఉన్నాయి. జబ్బు అనొచ్చు. ఫోను అనొచ్చు. హెడ్డు తొందరపెట్టాడు అనొచ్చు, అది పచ్చి నిజం కూడా. ఆవిడ నోట్లో నెత్తురు మింగింది.

"నేనే" అంది.

అన్న భుజం పైకి లేవడం ఆవిడ చూసింది. దెబ్బ ఎక్కడికి వస్తుందో భుజాన్ని బట్టి చెప్పగల మనిషి. ఎడమ మోకాలికి. పక్కకి దొర్లడానికి బోలెడు సమయం ఉంది. ఒళ్ళు దానంతటదే దొర్లబోయింది కూడా. ఆవిడ రెండు అరచేతులూ నేలకి అదిమి పెట్టి ఉన్నచోటే ఉండిపోయింది.

ముప్ఫై ఏళ్ళు అరుపులు నటించిన మనిషికి, మోకాలు పగిలినప్పటి ఆ అరుపు తన గొంతులోంచే వచ్చిందని తెలియలేదు. రాడ్డు దూరంగా పడిన చప్పుడైంది. అన్న తల పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. గ్యారేజీ మనుషుల్లో ఒకడు అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నాడు, చోటు పేరు చెప్పలేక తడబడుతున్నాడు.

నిచ్చెన పాక్కుంటూ వచ్చి ఆవిడ తల ఒళ్ళో పెట్టుకున్నాడు. వాడి కనుబొమ్మ నెత్తురు ఆవిడ నుదుటి మీద పడుతోంది.

"మేడం, నేను కావాలని కొట్టలేదు కదా?" అన్నాడు. "చెప్పండి మేడం. మీకు తెలుస్తుంది కదా."

పొద్దున ఆ పిడికిలి బయల్దేరినప్పుడు ఆవిడ కెమెరాలు ఎక్కడ పెట్టాలో చూసుకుంటోంది. వాడి ముఖం చూడనే లేదు.

"లేదురా" అంది, అన్నకి కూడా వినపడేంత గట్టిగా. "నేను చూశాను."